రచన అమ్మిన ఎర్ర సెల్ల

కోరుట్లలో తల్లిగారింటికి వచ్చిన రచన, తల్లి పోశవ్వ వెంట బకెట్ కొనడానికి బజారుకు పోయింది. బస్టాండు ఎదుటి సందులో ఇంటి సామాన్ల దుకాణం ఉంది. ముందర తాడు కట్టి, కాళ్లు తుడుచుకునే మ్యాట్లను క్లిప్పులు పెట్టి వేలాడదీశారు. పూలవి, నెమళ్లవి, వెల్‌కమ్ అని రాసినవి. వాటి నడుమ ఎర్రటిది ఒకటి గాలికి ఊగుతోంది. రచన దాన్ని చూసింది, దాటిపోయింది, కొంచెం దూరం పోయి ఆగింది, గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఎర్రటి నేత. పోగు పోగు లెక్కపెట్టుకునేంత దగ్గరగా కనిపిస్తోంది. ఒక పక్క పసుపు అంచు. నడుమ ఒక చోట అడ్డదారాలు అలలాగా ఒరిగిపోయి, సన్నటి సందు వదిలి, మళ్లీ సర్దుకున్నాయి.

"అమ్మా, గది నేను తీసిన ఫొటో!" అంది రచన. అంటూనే తల్లి భుజం పట్టి ఊపేసింది.

"ఏది?"

"గా ఎర్రది."

"గది మ్యాటు గదనే."

"మ్యాటే. దాని మీద అచ్చేసింది నా ఫొటో. నేను అమ్మిన ఫొటో!"

సంతోషం అంటే అది. ఎక్కడో కంప్యూటర్లో పెట్టిన ఫొటో, ఎవరు కొన్నారో ఎందుకు కొన్నారో తెలియని ఫొటో, తిరిగి తిరిగి తన పుట్టిన ఊళ్లో తాడు మీద వేలాడుతుంటే ఆమె దాని కిందికి ఉరికింది. గిరాకీ తగిలిందనుకున్న దుకాణం మనిషి ఒక్క గుంజుతో క్లిప్పు ఊడదీశాడు, మ్యాట్‌ను నేల మీద పరిచాడు, బూట్లతో దాని మీదకెక్కి ఎగిరెగిరి తొక్కాడు.

"సూడక్కా, కింద రబ్బరు. ఎంత తొక్కినా జరగది. ఎర్రది గదా, బురదంటినా కనబడది!"

ఆ బూటు సరిగ్గా దారాలు అలలాగా ఒరిగిన చోటే ఉంది.

"దిగు!" అని అరిచింది. "దాని మీదికెళ్లి దిగు ముందు!"

అతను కరెంటు కొట్టినట్టు పక్కకు దూకాడు. "ఏందక్కా, ఏమైంది? తేలున్నదా?"

రచన వంగి మ్యాట్‌ను రెండు చేతులతో ఎత్తుకుంది. చీర కొంగుతో బూటు మట్టి తుడిచింది. పోశవ్వ అంతకుముందే కొన్న బకెట్ చంకన పెట్టుకుని, బిడ్డ మొహంలోకి బిత్తరపోయి చూసింది. ఫొటో ఫొటో అని ఎగిరిన పిల్ల, అంతలోనే పీనుగను చూసినదానిలా ఎందుకైందో ఆమెకు తెలియలేదు.

"అమ్మా, గిది మా మామ స్వామికి నేసిన సెల్ల" అంది రచన.

---

రచన పుట్టింది కోరుట్లలో, మెట్టింది సిరిసిల్లలో. పుట్టింట్లో బీడీలు చుట్టే తల్లి వేళ్లు చూస్తూ పెరిగింది. అత్తగారి వాడలో పొద్దున లేచింది మొదలు సాంచాల చప్పుడు. సాంచాలంటే మరమగ్గాలు. భర్త సాయినాథ్ ఒక షెడ్డులో వాటిని నడుపుతాడు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి పక్కపక్కన నిలబడినవాళ్లు కూడా సైగలతో మాట్లాడుకుంటారు. కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఆమెకు ఏడుపొచ్చేది. ఉండగా ఉండగా చెవి పని కూడా కన్నే చేయడం నేర్చుకుంది. అన్నం తెచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి, భర్త తలెత్తే దాకా చూస్తూ ఉండేది. కిటికీలోంచి పడే వెలుతురులో ఎగిరే దూది నలుసులు, నూనె జిడ్డు పట్టిన పళ్ల చక్రాలు, గంపలో రంగురంగుల దారపు కండెలు. ఊరికే చూసీ చూసీ, ఒకనాడు ఫోన్ తీసి ఫొటో కొట్టింది.

ఫొటోలు అమ్ముకోవచ్చని ఒక వీడియోలో చూసింది. ఇంగ్లిషులో చెప్తున్నారు. మాట అర్థం కాకున్నా వేలు ఎక్కడ నొక్కుతున్నారో చూసి నేర్చుకుంది. పంపిన ఫొటోలు మొదట్లో వరుసగా వెనక్కి వచ్చాయి: మసకగా ఉందని, గరుకుగా ఉందని, కంపెనీ పేరు కనిపిస్తోందని. కాదన్న ప్రతిదానికీ కారణం రాసేవాళ్లు. ఆ కారణాలే ఆమెకు బడి. మానేరు డ్యామ్ మీద పొద్దు గూకే ఫొటోలు ఎంతో ఇష్టపడి పెడితే ఎవరూ కన్నెత్తి చూడలేదు. జిడ్డు చక్రాన్ని మాత్రం జర్మనీలో ఎవరో కొన్నారు.

ఆ రోజు ఇంట్లో అందరూ బిత్తరపోయారు.

"గా జిడ్డు మొకానికి పైసలిచ్చిండ్రా?" అంది అత్త రాజవ్వ. "గట్లయితె నా ఫొటో పెట్టకే తల్లీ. నన్ను గూడ కొనుక్కపోతరు."

"నిన్ను కొన్నోడు తెల్లారకముందే తెచ్చి గడప కాడ ఇడిసిపోతడు" అన్నాడు మామ బాలయ్య.

ఇలా ఉండేది ఆ ఇంటి సంగతి. ఒక్కో ఫొటోకు ఒక్కసారికి వచ్చేది చాయ్ తాగేంతే. కానీ ఒకే ఫొటోను ఎందరైనా కొనుక్కోవచ్చు. ఏ దేశంలో అమ్ముడుపోయిందో చెప్తారు, ఎవరు కొన్నారో చెప్పరు. అలా చుక్కచుక్కగా వచ్చింది నెలకు సరుకుల ఖర్చంత అయ్యేసరికి, వాడలో రచనను చూసే చూపే మారింది.

ఇక బాలయ్య సంగతి. ఆయన చేతి మగ్గం మనిషి. సాంచాలొచ్చి చేతి నేత తగ్గిపోయాక మగ్గాన్ని విప్పి అటక మీద పెట్టేశాడు. ఏడాదికి ఒక్కసారి మాత్రం దింపుతాడు. నేతవాళ్ల కులదైవం మార్కండేయుడి జయంతి నాడు వాడ సంఘం తీసే ఊరేగింపులో ట్రాక్టర్ ట్రాలీ మీద మగ్గం బిగిస్తారు. గుడి దగ్గర బయలుదేరినప్పుడు నేత మొదలు పెట్టాలి. ఊరంతా తిరిగి మళ్లీ గుడికి చేరేసరికి సెల్ల, అంటే భుజాల మీద కప్పే పైబట్ట, పూర్తి కావాలి. మగ్గం మీది నుంచి కోసిన సెల్లను కోసినట్టే తీసుకుపోయి స్వామి భుజాల మీద కప్పుతారు. దానికొక పద్ధతి ఉంది. మామూలు నేతలో తప్పు పడితే ఊడదీసి మళ్లీ నేస్తారు. స్వామికి నేసేటప్పుడు ఊడదీయరు. అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ ఆడుతూ నేత ముందుకు పోవాలే గాని వెనక్కి రాకూడదు.

కిందటి జయంతి నాడు చౌరస్తా దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ట్రాలీ ఎగిరిపడింది. బాలయ్య చెయ్యి తప్పింది. అడ్డదారాలు అలలాగా ఒరిగి, నడుమ సన్నటి సందు పడింది. ఆయన ఒక్క క్షణం ఆగి, స్వామికి దండం పెట్టి, ముందుకు నేసుకుంటూ పోయాడు. ట్రాలీ పక్కన నడుస్తూ ఫొటోలు తీస్తున్న రచన ఆ అలను దగ్గరి నుంచి తీసింది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి ఒక్కో పోగూ లేచి నిలబడినట్టు వచ్చింది. "మంచిగచ్చిందా?" అని మామే అడిగాడు. చూపిస్తే, "తప్పునే తీసినవా, పోరీ!" అని నవ్వాడు.

ఆ ఫొటోనే ఒకనాడు ఎవరో మామూలు రేటుకు ఎన్నో రెట్లు ఇచ్చి కొన్నారు. వస్తువుల మీద అచ్చు వేసుకునే హక్కు కూడా అందులో ఉందని రాశారు. ఏ వస్తువులో రాయలేదు, ఆమె అడగాలని అనుకోలేదు. సాయినాథ్ ఆ రోజు జిలేబీ తెచ్చి వాడంతా పంచాడు. బాలయ్య సంఘం ఆఫీసుకు పోయి, "స్వామి దయ, మా కోడలు ఫొటో దేశాలు తిరుగుతున్నది" అని చెప్పి వచ్చాడు.

---

"గివి ఏడికెళ్లి తెస్తున్నరు?" అని దుకాణం మనిషిని అడిగితే, జగిత్యాలలో శ్యాంసుందర్ సేటు హోల్‌సేల్ అన్నాడు. రచన ఆ ఒక్క మ్యాట్ కొన్నది. కొన్న తర్వాత దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియలేదు. చంకలో పెట్టుకోవడానికి మనసొప్పలేదు, బకెట్లో వేయడానికీ ఒప్పలేదు. కొంగులో చుట్టి, రెండు చేతుల మీద పెట్టుకుంది. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే పక్కన కూర్చున్నామె పసిపిల్ల అనుకుని, "జర మొకం మీది బట్ట తియ్యమ్మా, ఊపిరాడది" అంది. పోశవ్వ కొత్త బకెట్‌తోనే వెంట వచ్చింది. బిడ్డను ఆ స్థితిలో ఒంటరిగా పంపే మనిషి కాదు ఆమె.

జగిత్యాలలో టవర్ వెనక గోదాములో అడుగు పెట్టగానే రచన ఆగిపోయింది. ఒక గోడ గోడంతా ఎరుపే. కట్టలు కట్టలుగా పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ప్రతి కట్టలోనూ పైన ఉన్న మ్యాట్ మీద అదే అల, అదే సందు, అదే చోట. ఒక్క స్పీడ్ బ్రేకర్ మీద ఒక్కసారి ఎగిరిన ట్రాలీ, ఆ గోదాములో ఎన్నిసార్లు ఎగిరిందో! మీద అంటించిన కాగితంపై చేనేత అని పెద్ద అక్షరాలు. తాకితే ప్లాస్టిక్కు.

శ్యాంసుందర్ సేటు పెద్దమనిషి తరహాగానే ఉన్నాడు. సంగతి విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు తీసిన ఫొటోనా బిడ్డా? మంచిగున్నది. మస్తు నడుస్తున్నది గీ డిజైన్. ఇంకో నాలుగుంటె పంపు."

"సేటూ, గిది దేవుని బట్ట" అంది పోశవ్వ. "స్వామికి కప్పిన సెల్ల. కాళ్ల కింద ఎట్ల ఏస్తరయ్యా?"

సేటు చెయ్యి కట్ట మీద ఆని ఉంది. ఠక్కున తీసేసి, కళ్లకద్దుకున్నాడు. "అయ్యో! నాకేమెర్క తల్లీ? ఏడనో అచ్చేస్తరు, నాకు బేళ్లస్తయి. ఆమె అమ్మింది, ఎవ్వడో కొన్నడు, నేను తెచ్చిన. గిండ్ల నేనేం తప్పు జేసిన జెప్పు?"

ఆ మాటే రచనను ఎక్కువ భయపెట్టింది. దొంగతనం జరిగి ఉంటే ఎవరి మీదనైనా అరవవచ్చు. ఇక్కడ ఎవరూ ఏమీ దొంగిలించలేదు. అమ్మింది తనే.

"సిరిసిల్లకు గూడ పంపినరా?" అని మెల్లగా అడిగింది.

"ఎందుకు పంపలె? మీ దిక్కే ఎక్కువ పోతున్నయి. నేతోళ్లుంటరు గదా, నేత డిజైనంటె పానం."

రచన అక్కడే కట్టల పక్కన చతికిలబడింది. పోశవ్వ బకెట్ బోర్లించి, దాని మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించింది.

సిరిసిల్ల దాకా వస్తానన్న పోశవ్వను వద్దని కోరుట్ల బస్సు ఎక్కించి, బస్టాండు నుంచి సాయినాథ్‌కు ఫోన్ చేసింది. అటు నుంచి సాంచాల మోత. అతను షెడ్డు బయటికి వచ్చే దాకా ఆగి, అంతా చెప్పింది.

"ముందు గా ఫొటో తీసెయ్" అన్నాడు సాయినాథ్.

"తీసేసిన. కొత్తోళ్లు కొనరు. కొన్నోళ్లకాడికెళ్లి మాత్రం మల్ల రాదట. వాళ్లది వాళ్లకేనట."

"ఇగో రచనా, జయంతి దగ్గరికచ్చింది. బాపు అప్పుడే మగ్గం దింపిండు. గీ పది దినాలు చెప్పులు గూడ ఏసుకోడు, ఎర్కనే గద? గిది ఆయన చెవుల పడ్డదనుకో, ట్రాలీ ఎక్కడు. గా ఒక్కటి గూడ లేకపోతె ఆయనకింకేమున్నది? చెప్పకు."

చెప్పకపోతే? రచన బస్సులో అదే ఆలోచించింది. మ్యాట్లు సిరిసిల్లకు వచ్చాయి. రేపు ఊరేగింపులో, అందరూ చూస్తుండగా, ఎవరో ఒకరు సెల్లను చూసి, గిసొంటిదే మా ఇంట్ల కాళ్ల కింద ఉన్నదని కేక వేస్తే? మగ్గం మీద నుంచి నడుమ లేచి దిగాల్సి వస్తే? చెప్తే ఎక్కడు. చెప్పకపోతే దిగాల్సి రావచ్చు. ఎక్కకపోవడం బాధ. ఎక్కినవాడు దిగడం చావు. వేములవాడ దాటేసరికి చెప్పాలనే నిశ్చయించుకుంది.

---

ఇంటికి పోయేసరికి బాలయ్య వాకిట్లో మగ్గం కట్టెలకు నూనె రాస్తున్నాడు. రాజవ్వ పక్కన కూర్చుని దారం విడదీస్తోంది.

"అచ్చినవా బిడ్డా? మీ అవ్వ మంచిగున్నదా?" అన్నాడు బాలయ్య. కోడలి చేతుల్లో ఎర్రది చూసి, "గిదేంది, సెల్ల కొనుక్కచ్చినవా? నా ఇంట్ల సెల్లలకు కరువచ్చిందా?"

చెయ్యి చాచాడు. రచన ఇచ్చింది.

ఆయన దాన్ని కంటి దగ్గరికి తీసుకున్నాడు. బొటనవేలితో రుద్దాడు. మొహం చిట్లించాడు. మళ్లీ రుద్దాడు. ఒక పోగును గోటితో పట్టి లేపబోయాడు. గోరు జారింది. ఇంకోటి పట్టబోయాడు. అదీ జారింది. తప్పు చూసే మనిషిలా వెనక్కి తిప్పాడు. నల్లటి రబ్బరు.

"గిది నేసింది కాదే!" అన్నాడు. "పోగులున్నయి, కని పోగు లేదు. గిదేం మాయ?"

మళ్లీ తిప్పాడు. ఈసారి ఆయన వేలు సందు మీద ఆగింది. అలా ఆగిపోయింది. నూనె చెయ్యి కావడంతో అల మీద మరక పడింది.

"గిది నా చెయ్యి" అన్నాడు. "చౌరస్తా కాడ ట్రాలీ ఎగిరినప్పటిది. రాజీ, ఇటు సూడు. నా చెయ్యే గిది. స్వామి మీదున్నది గీడికెట్లచ్చింది?"

రచన అప్పుడు చెప్పింది. ఫొటో ఎవరో కొన్నారని, అచ్చు వేశారని, జగిత్యాల గోదాములో గోడంత ఉన్నాయని. మ్యాట్ అనే మాట మాత్రం దాటేసింది. రాజవ్వే అడిగింది.

"రబ్బరెందుకే కింద?"

"జారకుండ."

"ఏడ జారకుండ?"

రచన తల దించుకుంది. "గడప కాడ, అత్తా. కాళ్లు తుడ్సుకునేది."

రాజవ్వ ఠపఠపా చెంపలు వేసుకుంది. "ఓ దేవుడా! మార్కండేయా! ఏం పాపం జేసినమయ్యా! గా జిలేబీ తిన్న నోరు పడిపోను! వాడకంత పంచితిమి గదనే, తిన్నోళ్లంత పాపంల పడ్డరు గదనే!"

బాలయ్య కోడలిని తిడతాడేమో అనుకుంది రచన. తిడితే బాగుండుననీ అనుకుంది. ఆయన మ్యాట్‌ను ఎక్కడ పెట్టాలో తోచక అటూ ఇటూ చూశాడు. నేల మీద పెట్టలేదు. మగ్గం మీద పెట్టలేదు. చివరికి మడిచి ఆమె చేతుల్లోనే పెట్టాడు.

"అంగీ తేపో" అన్నాడు రాజవ్వతో. "రాజేశం ఇంటికి పోయస్త. సంఘం పెద్ద ఇంకొకల నోట ఇనద్దు. ఈ ఏడు ట్రాలీ మీద ఇంకెవలనన్న కూసోబెట్టుమని చెప్పస్త."

"నువ్వు గాక ఎవలున్నరయ్యా చేతి మగ్గం ఏసేటోళ్లు?"

"లేకుంటె లేరు."

చెప్పుల్లేని కాళ్లతో ఆయన ముందు, మ్యాట్ పట్టుకుని రచన వెనక. సాయినాథ్ చెప్పినట్టే అయింది. చెప్పింది, ఆయన దిగిపోతున్నాడు. ఇంకా ఎక్కకముందే దిగిపోతున్నాడు. వీధి పొడుగునా ఆమెకు ఆయన మడమలే కనిపించాయి.

---

సంఘం పెద్ద రాజేశంది రెండంతస్తుల ఇల్లు. తలుపు తెరిచే ఉంది. లోపల రాజేశం సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. బాలయ్య మెట్లెక్కి, గడప దాకా పోయి, కాలెత్తి, ఆ కాలును గాలిలోనే ఉంచి ఆగిపోయాడు.

గడప ముందర ఎర్రటి మ్యాట్ పరిచి ఉంది. మీద ఎవరివో తడి పాదాల గుర్తులు.

"ఓ బాలన్నా! రా రా!" అన్నాడు రాజేశం లోపలి నుంచి. "కొంగ లెక్క ఒంటికాలు మీద నిలవడ్డవేంది? కాళ్లు తుడ్సుకొని రావే!"

బాలయ్య కాలు వెనక్కి పెట్టాడు. పక్కనున్న గోడ పట్టుకున్నాడు. రచన ఆయన భుజం పట్టుకుంది, లేకపోతే పడేవాడే. రాజేశం గాభరాపడి బయటికి ఉరికి వచ్చాడు. రావడం రావడం తిన్నగా మ్యాట్ మీదే నిలబడ్డాడు.

"ఏమైందే? బీపీనా?"

"కాలు తియ్యి రాజేశం" అన్నాడు బాలయ్య. "నీకు దండం పెడత, కాలు తియ్యి."

సంగతి తెలిసేసరికి రాజేశం మొహం పాలిపోయింది. ఆ మ్యాట్ మీద నుంచి అవతలికి దూకబోయి, మళ్లీ దాని మీదే పడ్డాడు. "కొమురమ్మా!" అని కేక వేశాడు. వంటింట్లోంచి భార్య కొమురమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"గిది ఏడికెళ్లి తెచ్చినవ్?"

"జగిత్యాలకెళ్లి. బిడ్డింటికి పోయినప్పుడు తెస్తి గదా. మూడు తీస్కున్న. నేత డిజైన్ ముచ్చటగున్నదని."

"మూడా! మిగిలినయేడ?"

"ఒకటి బాత్‌రూమ్ కాడున్నది." ఆమె అందరి మొహాలూ చూసి జంకింది. "ఒకటి... గుడికిచ్చిన. మెట్ల కాడ బండ జారుతున్నదని. అందరు మంచిగున్నదన్నరు."

"ఏ గుడికి?" అన్నాడు బాలయ్య. తెలిసి తెలిసీ అడిగాడు.

"మన స్వామి గుడికేనన్నా. పొద్దుగాల నూలు పూజకు పోలేదా నువ్వు? గక్కడనే ఉన్నది."

లోపల టీవీలో ఎవరో నవ్వుతున్నారు. రాజేశం పోయి దాన్ని ఆర్పేసి వచ్చాడు.

గుడి రెండు సందుల అవతలే. నలుగురూ ఒకరి వెనక ఒకరు నడిచారు. మెట్ల కింద నీళ్ల నల్లా, నల్లా పక్కన మ్యాట్. తడిసి, మట్టి పట్టి, ఎరుపు ఇటుక రంగుకు తిరిగింది. ఊరి జనమంతా కాళ్లు కడుక్కుని వచ్చి తుడుచుకున్న చోట రంగు లేచిపోయి, అల ఉందా లేదా అన్నట్టుంది.

బాలయ్య మెట్టు మీద కూలబడి, కాళ్లు చాపి, తన అరికాళ్లు తాను చూసుకున్నాడు.

"పొద్దుగాల గీడ్నే తుడ్సుకున్న" అన్నాడు. "రెండు కాళ్లు. స్వామి కాడికి పోతున్నమని రుద్ది రుద్ది తుడ్సుకున్న. నేను నేసింది నాకే కనబడలేదు."

"నేను రోజు తుడ్సుకుంటున్న" అన్నాడు రాజేశం. "సంఘం పెద్దను."

కొమురమ్మ కళ్లొత్తుకుంటూ వంగి మ్యాట్ తీసింది. తీసింది గాని, ఏం చేయాలో ఆమెకూ తోచలేదు. చెత్తలో వేయలేరు. కాలిస్తే ప్లాస్టిక్ కంపు. గుడిలో పెట్టలేరు, ఇంటికి తీసుకుపోలేరు. నీళ్లు కారుతుంటే దాన్ని ముందుకు పట్టుకుని అలాగే నిలబడింది. రచన తన చేతిలోదాన్ని కూడా ఆమె చేతిలోదాని మీద పెట్టింది. రెండింటి మీదా అల ఒకే చోట ఉంది.

"తప్పు నాది పెదబాపూ" అంది రచన రాజేశంతో. "మా మామకు తెల్వది. అమ్మింది నేను. ఏమన్న ఉంటె నన్ననుండ్రి. ఆయన్ను ట్రాలీ దింపకుండ్రి."

"ఎవలు ఎవల్నంటరే బిడ్డా? మా ఇంట్లనే మూడున్నయి." రాజేశం గట్టిగా ఊపిరి వదిలాడు. "బాలన్నా, అయిందేదో అయింది. సూటిగ జెప్పు. ఎక్కుతవా, ఎక్కవా?"

బాలయ్య అరికాళ్లను చేత్తో దులుపుకున్నాడు. "ఎక్కుత. కని ఎర్రది ఎయ్య. అంచు లేకుంట ఉత్త తెల్లది నేస్త. అండ్ల ఫొటో తియ్యనీకి ఏముండది. అచ్చెయ్యనీకి ఏముండది."

అందరికీ అది సబబుగానే తోచింది. రాజేశం తల ఊపాడు కూడా. రచన నోరు మూసుకుని ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. కానీ ఆ పూట ఇంకొక్కటి దాచే బలం ఆమెకు లేదు.

"మామా" అంది. "తెల్లదే అన్నిటికన్న ఎక్కువ పోతది."

"ఏది?"

"ఉత్త తెల్ల బట్ట. దగ్గరికెళ్లి తీస్తె. దేశాలోళ్లు అదే ఎక్కువ కొంటరు."

బాలయ్య ఆమె వైపు తిరిగాడు. "ఏం లేని బట్టనా?"

"ఏం లేదనే కొంటరు. దాని మీద వాళ్ల రాతలు రాసుకుంటరు."

"ఏం లేనిదానికి పైసలిస్తరా?" ఆయన నోరు తెరుచుకునే ఉండిపోయింది. పొద్దున్నుంచి ఆయన విన్నవాటన్నిటిలోనూ ఇదే నమ్మలేనిదైనట్టు, రాజేశం వైపు చూశాడు, కొమురమ్మ వైపు చూశాడు, గుడి వైపు చూశాడు. రాజేశానికి నవ్వు ఆగలేదు. నవ్వి, తప్పు చేసినట్టు గుడి వైపు దండం పెట్టాడు.

"గట్లయితె ఎర్రదే నేస్త" అన్నాడు బాలయ్య లేస్తూ. "ఏది నేసినా తప్పనప్పుడు స్వామి రంగు ఎందుకిడవాలె? కని రాజేశం, నాకొక్కటి గావాలె. కండెలందియ్యనీకి ఈ పొల్లను మీదికెక్కియ్యి. నాడెలకు కండె పెట్టాలె, తెగిన పోగు అందుకోవాలె, రెండు చేతులకు పని. ఫోన్ పట్టనీకి మూడో చెయ్యెక్కడిది?"

రాజేశం నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. "ట్రాలీ మీదికా? ఆడిమనిషినా? ఎన్నడన్న ఎక్కిండ్రా బాలన్నా?"

"ఎక్కలే."

"సంఘంల ఏమంటరు?"

"నువ్వేమంటవ్ ముందు?"

రచన తిట్లు తినడానికి వచ్చిన మనిషి. ట్రాలీ పక్కన నడవనిస్తారో లేదో అని భయపడ్డ మనిషి. రాజేశం తన భార్య చేతుల్లో నీళ్లు కారుతున్న మ్యాట్ వైపు చూశాడు, రచన వైపు చూశాడు, మెడ రుద్దుకున్నాడు.

"ఎక్కనియ్యి" అన్నాడు, తన మాట తనకే కొత్తగా వినబడినట్టు. "సంఘానికి నేను జెప్పుకుంట. జెప్పేది నేనైతె, ముందు మా ఇంటి ముచ్చటే జెప్పాలె మరి."

కొమురమ్మ మ్యాట్లు భర్త చేతుల్లో పెట్టి, తడి చెయ్యి చీరకు తుడుచుకుని, రచన ముందు చాపింది.

"గా ఫోన్ ఇటియ్యే" అంది. "జయంతి అయినంక నా కాడికచ్చి తీస్కపో."

రచన ఇచ్చేసింది. బాలయ్య అప్పటికే నల్లా కింద కాళ్లు కడుక్కుంటున్నాడు. కడుక్కుని, తుడుచుకోవడానికి అలవాటుగా కిందికి చూశాడు. ఏమీ లేదు. తడి పాదాలతోనే జాగ్రత్తగా ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి పోయాడు.